చేతికాగితం మీద ఇంక్‌జెట్ ముద్రణ: గంజి దగ్గర మొదలయ్యే పని

అరటినార కాగితం మీద శుభలేఖలు వేయాలనుకున్నా, గోగునార కాగితం మీద నాలుగు పద్యాలు ముద్రించి ఫ్రేము కట్టించాలనుకున్నా, చాలామంది ముందుగా పట్టుకునేది ప్రింటర్ సెట్టింగులనే. వాటితో సరిదిద్దగలిగేది కొంచెమే. అక్షరం స్పష్టంగా నిలుస్తుందా, అలుక్కుపోతుందా అన్నది కాగితం ట్రేలోకి వెళ్ళకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఇళ్ళలో వాడే ఇంక్‌జెట్ సిరాలో ఎక్కువ భాగం నీళ్ళే కనుక ఈ పనంతా నీళ్ళ చుట్టూ తిరుగుతుంది. కాగితం ఎంత వేగంగా నీళ్ళు తాగుతుంది, మనం ఎంత సిరా పోస్తున్నాం, గాలిలో తేమ ఎంత ఉంది అన్న మూడు సంగతులూ చూసుకోవాలి. చెన్నైలో ఉన్నవాళ్ళకు ఈ మూడోదాన్ని ఏ నెలలోనూ మరిచే వీలుండదు.

మామూలు జిరాక్స్ కాగితానికి మిల్లులోనే రెండు పనులు జరిగిపోతాయి. గుజ్జులో ఏకేడీ లాంటి, నీటిని తోసే పదార్థం కలుపుతారు. తయారైన కాగితం పైన పలచగా గంజి పట్టిస్తారు. ఈ రెండింటినీ కలిపి సైజింగ్ అంటారు. చేనేతలో పడుగుకు గంజి పెట్టడంలాంటిదే. చేతికాగితానికి ఇది చాలాసార్లు ఉండదు, ఉన్నా అరకొరగా ఉంటుంది. అలాంటి షీటు అద్దుడు కాగితంలా సిరాను నలువైపులా లాగేస్తుంది. మనం చేయాల్సింది మిల్లు వదిలేసిన ఆ పనిని ఇంట్లో పూర్తిచేయడం.

కాగితం కొనేటప్పుడు

చెన్నై జార్జ్‌టౌన్‌లో ఆండర్సన్ వీధి కాగితాలకూ శుభలేఖలకూ పెట్టింది పేరు. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళ చేతికాగితపు కర్మాగారం మనకు దగ్గరే. జైపూర్ పక్కనున్న సాంగనేర్ కాగితానికి దేశమంతటా పేరుంది. ఏ ఊరిదైనా సరే, కొట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: గుజ్జులో సైజింగ్ కలిపారా, లేదా? సమాధానం తెలియకపోతే ఒక్క షీటు కొని ఇంటికి తెచ్చి పరీక్షించాకే మిగతావి కొనండి.

నారను బట్టి కాగితం నడత మారుతుంది. బనియన్ల తయారీలో మిగిలే నూలు పీలికలతో చేసిన కాగితం మెత్తగా ఉంటుంది, నీళ్ళు గబగబా తాగుతుంది, కానీ గంజి చక్కగా పడుతుంది. మొదటిసారి చేసేవాళ్ళకు ఇదే మంచిది. బాగా దంచిన అరటినారతో చేసిన కాగితం బిగువుగా, పట్టుకుంటే పెళపెళలాడుతూ ఉంటుంది. సిరా పెద్దగా పాకదు, ఆరడానికి మాత్రం ఎక్కువసేపు పడుతుంది. పైగా తేమ తగిలితే బాగా సాగి, ఆరాక ముడుచుకుంటుంది. జనుము, గోగునార కాగితాలు గట్టివే కానీ పైన పోగులు లేస్తాయి. జపాన్ వాళ్ళ కోజో, నేపాల్ లోక్తా లాంటివి పొడవాటి పోగులతో పలచగా ఉండి కూడా చిరగవు. వాటి పద్ధతి వేరు, కింద విడిగా చెప్పాం.

పూరేకులు, గడ్డిపోచలు, తళుకులు అద్దిన కాగితం చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా ప్రింటర్‌కు పనికిరాదు. సిరా చిమ్ముతూ కదిలే హెడ్‌కూ కాగితానికీ మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. పైకి లేచిన ఒక్క గడ్డిపోచ చాలు, హెడ్ దాన్ని గీసుకుంటూ పోతుంది. అలాంటి కాగితాన్ని కవరుకో అట్టకో వాడుకుని, ముద్రించే షీటును సాదాగా ఉంచండి.

బరువు లెక్క సులువు. ఏ4 షీట్లు 16 కలిపితే ఒక చదరపు మీటరు. ఒక ఏ4 ముక్కను 0.1 గ్రాము చూపించే చిన్న తూకంలో వేసి, వచ్చిన గ్రాములను 16తో హెచ్చిస్తే అదే జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు గ్రాములు. 5 గ్రాములుంటే 80 జీఎస్‌ఎం, 7.5 గ్రాములుంటే 120. ఈ పనికి 90 నుంచి 150 మధ్య అనువైనది. అయితే బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. చేతికాగితం గుల్లగా ఉంటుంది కనుక 120 జీఎస్‌ఎం షీటు కూడా మిల్లు కాగితం కన్నా బాగా మందంగా ఉండొచ్చు. పది షీట్లు దొంతర పెట్టి, వేలితో కొద్దిగా అదిమి స్కేలుతో కొలవండి. దొంతర 3 మిల్లీమీటర్లు దాటితే, అంటే ఒక్కో షీటు 0.3 దాటితే, ఇంటి ప్రింటర్‌లో పెట్టకండి.

చుక్క పరీక్ష

ఒక మూల డ్రాపర్‌తో చిన్న నీటిచుక్క వేసి, పక్క నుంచి చూస్తూ సెకన్లు లెక్కపెట్టండి. చుక్క గుండ్రంగా నిలబడి కొంతసేపు మెరుస్తుంది, తర్వాత అంచు దగ్గర చదునవుతుంది, చివరికి మెరుపు పోయి తడి మచ్చ మిగులుతుంది. ఆ మెరుపు పోయే క్షణమే మన గుర్తు.

5 సెకన్లలోపే ఇంకిపోతే అది అద్దుడు కాగితమే, గంజి లేకుండా ముద్రించలేం. అర నిమిషం నుంచి నిమిషంన్నర దాకా నిలిస్తే అక్షరాలకు సరిపోతుంది. మూడు నిమిషాలు దాటినా కదలకపోతే సైజింగ్ మరీ ఎక్కువైనట్టు. సిరా పైనే నిలిచి, రోలర్ తగలగానే చెరుగుతుంది. పరీక్ష రెండు వైపులా చేయాలి, ఎందుకంటే తయారీలో జల్లెడకు ఆనిన వైపుకూ గుడ్డకు ఆనిన వైపుకూ తేడా ఉంటుంది. ఎక్కువసేపు నిలిపిన వైపు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. షీటులో నాలుగైదు చోట్ల వేసి చూడటం కూడా అవసరం. ఒకచోట 40 సెకన్లు, ఇంకోచోట 8 సెకన్లు వస్తే ఆ షీటు మీద అచ్చు మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఎక్కువ మొత్తంలో చేసేవాళ్ళు పరిశ్రమలో వాడే కాబ్ పరీక్ష చేసుకోవచ్చు. 100 చదరపు సెంటీమీటర్ల వలయంలో 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, 60 సెకన్ల తర్వాత షీటు ఎంత బరువెక్కిందో గ్రాముల్లో చూసి 100తో హెచ్చిస్తారు. ఇంటి పనికి చుక్క చాలు.

దీనితోపాటు టేపు పరీక్ష కూడా చేయండి. సెల్లోటేపు ముక్క అంటించి మెల్లగా లాగితే దానికి పోగులు అంటుకుని వచ్చాయంటే, అవే పోగులు రేపు మీ రోలర్ మీదా హెడ్ కిందా చేరతాయి.

కోత

22×30 అంగుళాల షీటు మీకు దొరికిందనుకుందాం. అందరూ దాన్ని నాలుగు ఏ4లుగా కోస్తారు. ఐదు వస్తాయి. 22 అంగుళాల వెడల్పును ఒక వెడల్పాటి పట్టీ, ఒక సన్నని పట్టీగా విడదీయండి. వెడల్పాటి పట్టీలో మూడు ముక్కలు అడ్డంగా, సన్నని పట్టీలో రెండు ముక్కలు నిలువుగా పెట్టండి. మిల్లు కాగితమైతే నార వరస ఒకే దిక్కుకు ఉంటుంది కాబట్టి ఇలా తిప్పితే ఇబ్బంది. చేతికాగితంలో వరస అంత బలంగా ఉండదు.

అయితే ఇప్పుడే కచ్చితమైన ఏ4 కొలతకు కోయొద్దు. గంజి పట్టించి ఆరాక ముక్కల అంచులు కొంచెం వంకరపోతాయి. 22×30.7 సెంటీమీటర్లకు కోసి, అన్నీ అయ్యాక 21×29.7కు సరిచేయండి. ఐదు ముక్కలకూ ఆ అదనపు సెంటీమీటరు పోను పెద్ద షీటులో ఇంకా చోటు మిగులుతుంది, చిరుగంచులు అందులో పోతాయి.

ఆ సహజమైన చిరుగంచు కార్డు మీద కనపడాలని కోరిక ఉంటే కింది అంచుకో పక్కకో ఉంచండి. ముందుగా ప్రింటర్‌లోకి వెళ్ళే అంచు మాత్రం బ్లేడుతో కోసినట్టు నిటారుగా ఉండి తీరాలి. రోలర్లు పట్టుకునేది దాన్నే.

జిలాటిన్ పట్టించడం

సైజింగ్‌కు చాలా పదార్థాలున్నాయి. అక్షరాల పదునుకు జిలాటిన్ కన్నా మెరుగైనది లేదని మా అభిప్రాయం. బేకరీ సామాన్ల కొట్లో దొరికే తినే జిలాటిన్ సరిపోతుంది. జంతువుల నుంచి వచ్చేది కనుక పూజకో పెళ్ళికో వాడే కాగితానికి కొందరు ఇష్టపడరు. వాళ్ళకు గంజి ఉంది, తర్వాత చెబుతాం.

కొలతలు ఇవి: లీటరు నీళ్ళకు 20 గ్రాముల జిలాటిన్. కాగితం మరీ ఎక్కువ పీల్చేదైతే 30 గ్రాములు. ముందు 200 మిల్లీలీటర్ల చల్లని నీళ్ళలో పొడి చల్లి అరగంట నాననివ్వాలి. అది ఉబ్బి ముద్దలా అవుతుంది. మిగతా 800 మిల్లీలీటర్లు వేడిచేసి అందులో కలిపి, వేడినీళ్ళ గిన్నెలో ఈ గిన్నె పెట్టి 45 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంచండి. నేరుగా పొయ్యి మీద పెట్టి మరిగిస్తే జిలాటిన్ బలం పోతుంది. వేడి ఎంత ఉందో వంటింటి థర్మామీటరుతో చూసుకోవడమే మేలు. ఎండాకాలపు నీళ్ళకూ డిసెంబరు నీళ్ళకూ చాలా తేడా ఉంటుంది కనుక చేతి అంచనా నమ్మలేం.

షీటుకన్నా కొంచెం పెద్దదైన లోతు తక్కువ ట్రేలో ద్రావణం పోయండి. సైజింగ్ లేని చేతికాగితం తడిస్తే తడి అప్పడంలా అయిపోతుంది, చేత్తో ఎత్తితే చిరుగుతుంది. అందుకే దోమతెర నైలాన్ జాలి ముక్కను ట్రే కన్నా పొడవుగా కోసి అడుగున పరిచి, దాని మీద షీటు వేయండి. ఒక చివర నుంచి మెల్లగా దించితే గాలి కింద చిక్కదు. తడి ఎక్కినకొద్దీ షీటు రంగు ముదురుతూ పోతుంది. అంతటా ఒకే రంగుకు రావడానికి పది, పదిహేను సెకన్లు పడుతుంది. ఒక చోట లేత మచ్చ మిగిలితే అక్కడ గాలి బుడగ ఉందన్నమాట, మెత్తని బ్రష్‌తో తట్టండి. అంతా తడిశాక జాలితో సహా ఎత్తి, ఒక మూలను కిందికి వంచి కారేదంతా కారనివ్వండి. చుక్కలు ఆగాక పాత పంచె మీద బోర్లించి జాలిని ఒలిచేయండి.

ఆరబెట్టడంలోనే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. తాడు మీద క్లిప్పులతో వేలాడదీస్తే ద్రావణం కింది అంచుకు చేరి అక్కడ ఒక గట్టి పట్టీ ఏర్పడుతుంది, ఆ పట్టీ మీద సిరా ఆరదు. మే నెలలో ఫ్యాను కింద వదిలేస్తే అంచులు ముందు ఆరి షీటు గిన్నెలా లేస్తుంది. ముందు గుడ్డ మీద తడి మెరుపు పోయేదాకా ఉంచి, తర్వాత రెండు పొడి గుడ్డల మధ్య పెట్టి, పైన ప్లైవుడ్ పలక, దాని మీద నాలుగైదు కిలోల బరువు ఉంచండి. మొదటిరోజు గుడ్డలు మూడుసార్లు మార్చాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇది రెండింతల సమయం తీసుకుంటుంది. గుడ్డ మార్చకపోతే రెండో రోజుకే బూజు వాసన వస్తుంది. పెళ్ళి మార్గశిరంలో అయితే కాగితానికి సెప్టెంబరులోనే జిలాటిన్ పట్టించి పెట్టుకోండి.

ఆరిన వెంటనే ముద్రించకండి. జిలాటిన్ పూర్తిగా గట్టిపడటానికి కనీసం మూడు రోజులివ్వండి, వారం ఆగితే ఇంకా మంచిది. అప్పుడు మళ్ళీ చుక్క పరీక్ష చేయండి. 5 సెకన్ల కాగితం నిమిషం దాకా నిలపాలి. అందుకోకపోతే ఇంకోసారి, ఈసారి 1 శాతం ద్రావణంతో, బ్రష్‌తో పూత వేయండి.

పటిక గురించి ఒక మాట. జిలాటిన్ బరువులో 5 శాతం పటిక కలిపితే, అంటే 20 గ్రాములకు 1 గ్రాము, పూత గట్టిపడుతుంది, రంగు సన్నని రేణువులుగా ఉండే పిగ్మెంట్ సిరా కూడా పైనే నిలుస్తుంది. కానీ పటిక ఆమ్లగుణం ఉన్నది, కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పసుపుగా, పెళుసుగా చేస్తుంది. నాలుగు నెలల్లో పని ముగిసే శుభలేఖకు ఫరవాలేదు. తరతరాలు దాచుకోవాల్సిన వంశవృక్షానికి వాడకండి.

గంజి

అన్నం వార్చిన గంజి పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. చిక్కదనం రోజుకొకలా ఉంటుంది, మెతుకు తునకలు మిగులుతాయి, మధ్యాహ్నానికే పులుస్తుంది. 30 గ్రాముల మెత్తని బియ్యప్పిండిని కాసిన్ని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, లీటరు మరిగే నీళ్ళలో పోసి, కలియబెడుతూ పది నిమిషాలు ఉడికించండి. పాలపొర రంగు పోయి గాజులా అయ్యాక పలచటి గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా బ్రష్‌తో పట్టించండి. ముంచితే మందంగా పడుతుంది. చేసిన పూటే వాడేయాలి. జిలాటిన్ అంత పదును గంజితో రాదు, అక్షరం అంచు కొంచెం మెత్తగా ఉంటుంది. అరటినార కాగితానికి మాత్రం గంజి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది ముందే తక్కువ పీలుస్తుంది.

రంగుల బొమ్మలు ముద్రించాలంటే ఈ పూత ఒక్కటే చాలదు, రంగు కాంతి లేకుండా, మసకగా ఉంటుంది. వెచ్చని 3 శాతం జిలాటిన్ 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల మెత్తని కాల్షియం కార్బొనేట్ పొడి కలిపి, గుడ్డలో వడకట్టి, వెడల్పాటి బ్రష్‌తో పలచగా రెండు పూతలు వేయండి. మొదటిది నిలువుగా వేసి, ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. తెల్లని పొడి రంగును పైనే పట్టుకుంటుంది. ఆరాక వేలితో రుద్దితే తెల్లగా అంటుకుందా? జిలాటిన్ తక్కువైంది. ఆ షీటును ప్రింటర్‌లో పెడితే పొడి నేరుగా రోలర్లకు పడుతుంది.

కలర్‌లాక్ గుర్తున్న ఆఫీసు కాగితంలో కాల్షియం లవణాలు ఉంటాయి. పిగ్మెంట్ సిరా తగలగానే అవి రంగును అక్కడికక్కడే గడ్డకట్టిస్తాయి, అందుకే నలుపు నల్లగా కనిపిస్తుంది. అది చదివి కొందరు ఇంట్లో కాల్షియం క్లోరైడ్ కలుపుతున్నారు. గాలిలోని తేమను అది విపరీతంగా లాగుతుంది. చెన్నై గాలికి షీట్లు జిగటబారి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ ఊళ్ళో ఆ ప్రయోగం వద్దు.

నునుపు చేయడం

కర్మాగారాల్లో షీట్లను లోహపు పలకల మధ్య పెట్టి రోలర్లలో నొక్కుతారు. ఇంట్లో నున్నని గాజు సీసాతోనో పెద్ద గవ్వ వీపుతోనో రుద్దవచ్చు. షీటు పైన పలచటి కాగితం వేసి రుద్దాలి, నేరుగా రుద్దితే మెరుపు చారలు పడతాయి. ఇస్త్రీ కూడా పనిచేస్తుంది: మధ్యస్థ వేడి, ఆవిరి లేకుండా, పైన నూలు గుడ్డ వేసి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం చివరి పని, అది మాత్రం మానకండి.

ప్రింటర్, సిరా

వెనక ట్రే నుంచి కాగితం తీసుకునే ప్రింటర్ కావాలి. కింది కేసెట్ నుంచి తీసి గుండ్రంగా తిప్పి బయటకు పంపేవాటిలో చేతికాగితం మడత పడుతుంది. లేజర్ ప్రింటర్ జోలికి అసలు వెళ్ళకండి. దాని ఫ్యూజర్, అంటే లోపలి వేడి రోలర్, 200 డిగ్రీల దరిదాపుల్లో కాగితాన్ని నొక్కుతుంది, లేచిన పోగులు లోపలే అంటుకుని పోతాయి.

సిరా రెండు రకాలు. డై సిరా నీళ్ళలో పూర్తిగా కరిగిన రంగు, నార లోపలికి దిగి పక్కలకు పాకుతుంది, తడి వేలు తగిలితే కరుగుతుంది, వెలుగుకు తొందరగా వెలిసిపోతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు సన్నని రేణువులుగా తేలుతుంది, కాగితం పైనే ఆగుతుంది. చేతికాగితానికి పిగ్మెంటే సరైనది. ట్యాంకు ప్రింటర్లలో కానన్ జీ సిరీస్‌లో చాలావాటికి నలుపు పిగ్మెంట్, మిగతా రంగులు డై. ఎప్సన్ ఎల్3250 లాంటి వాటిలో నాలుగూ డై.

ఇక్కడొక ఉచ్చు ఉంది. చేతికాగితం మందంగా ఉంది కదా అని కానన్ డ్రైవర్‌లో ఫొటో పేపర్ ఎంచుకుంటే, ఆ ప్రింటర్ పిగ్మెంట్ నలుపును పక్కన పెట్టేసి మూడు డై రంగులు కలిపి నలుపు చేస్తుంది. సిరా ఎక్కువ పడుతుంది, అక్షరం గోధుమరంగు అంచుతో అలుక్కుపోతుంది. అక్షరాలకు ఎప్పుడూ ప్లెయిన్ పేపరే ఎంచుకోండి. ఎప్సన్‌లో పూత వేసిన షీటు మీద బొమ్మలకు మాట్, మిగతా అన్నిటికీ ప్లెయిన్.

హెడ్ తగలకుండా కానన్‌లో కాగితం రాపిడిని నివారించే సెట్టింగు, ఎప్సన్‌లో మందపు కాగితం, కవర్ల సెట్టింగు ఆన్ చేయండి. రెండు దిక్కులా ముద్రించే హై స్పీడ్ పద్ధతి ఆపేయండి. ఎగుడుదిగుడు కాగితం మీద హెడ్ వెళ్ళేటప్పుడు పడిన చుక్కా, వచ్చేటప్పుడు పడిన చుక్కా ఒకేచోట పడవు, అక్షరానికి నీడ కనిపిస్తుంది. అంచుల దాకా ముద్రించే బోర్డర్‌లెస్ వద్దు, అన్నివైపులా కనీసం 10 మిల్లీమీటర్లు వదలండి.

వీలైతే ఒక పాత ప్రింటర్‌ను ఈ పనికే కేటాయించండి. పోగులు చేరిన రోలర్లతో ఆఫీసు పత్రాలు తీయడం రెండింటికీ మంచిది కాదు.

తెలుగు అక్షరాలకు

ఇంగ్లిష్ అక్షరాలకు 10 పాయింట్లు చాలిన కాగితం మీద తెలుగుకు 13, 14 పాయింట్లు కావాలి. మన లిపిలో వంపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, వత్తులు కిందికి నలుసంత సైజులో దిగుతాయి. సిరా వెంట్రుకవాసి పాకినా థ లోపలి చుక్క చుట్టూ ఉన్న ఖాళీ పూడుకుపోయి, ధ నో థ నో తెలియకుండా పోతుంది. ఠ సున్నాలో చుక్క కనపడదు. ఘ, ఝ ముద్దలవుతాయి. అందుకే ప్రతి కొత్త కాగితం మీదా ముందు ఒక పరీక్ష వరస ముద్రించండి: థ ధ ఠ ఘ ఝ ఫ ష క్ష్మ స్త్ర ర్థ్య. ఇదే వరసను 10, 12, 14, 16 పాయింట్లలో వేసి, భూతద్దంతో చూసి, ఏ సైజులో థ చుక్క విడిగా తెలుస్తోందో అది మీ కనీస సైజుగా పెట్టుకోండి. విషయానికి మండలి లాంటి సమమైన గీత ఉన్న ఫాంటు బాగుంటుంది. రామభద్ర లాంటి దళసరి ఫాంటును శీర్షికలకే, 24 పాయింట్లు పైబడి వాడండి.

సిరా తగ్గించాలని అక్షరాల రంగును బూడిదకు మార్చకండి. బూడిదరంగును ప్రింటర్ చుక్కల కలయికగా వేస్తుంది, అక్షరం అంచు రంపంలా అవుతుంది. అక్షరం పూర్తి నలుపులోనే ఉండాలి, తగ్గించాల్సింది డ్రైవర్‌లో. కానన్‌లో ఇంటెన్సిటీని 10 మేర తగ్గించి మొదలుపెట్టండి. నాణ్యత స్టాండర్డ్ చాలు.

ఫొటోలకు అంగుళానికి 240 పిక్సెళ్ళ రిజల్యూషన్ సరిపోతుంది, అంతకు మించిన వివరాన్ని గరుకు కాగితం చూపించలేదు. ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు కనుక ఫొటోలోని తెలుపు కాగితపు రంగే అవుతుంది. మీగడ రంగు అరటి కాగితం మీద నీలాకాశం పచ్చబారుతుంది, ముఖాలు పాలిపోతాయి. అలాంటి కాగితానికి పాత నలుపు తెలుపు ఫొటోలు, గీతల బొమ్మలు నప్పుతాయి. నీడలను కాస్త తేలికచేసి పంపండి, లేకపోతే జుట్టూ కోటూ ఒకే నల్లని మడ్డి అవుతాయి.

ముద్రించే రోజు

షీట్లను ముందురోజే ప్రింటర్ ఉన్న గదిలో పెట్టండి. బయటి తేమ నుంచి నేరుగా ఏసీ గదిలోకి తెస్తే అంచులు ముందు ఆరి బిగుసుకుని, మధ్యభాగం ఉబ్బుతుంది. హెడ్ తగిలేది ఆ ఉబ్బుకే. వానరోజుల్లో ఇది తిరగబడుతుంది, అంచులు తేమ తాగి అలలు తేలతాయి. వంగిన షీటును ఎదురు దిక్కుకు మెల్లగా చుట్టి, బల్ల మీద చదునుగా పడుకునేదాకా సరిచేసి అప్పుడు పెట్టండి.

ముందు మామూలు కాగితం మీద నాజిల్ చెక్ (సిరా రంధ్రాలు సరిగా పనిచేస్తున్నాయో చూపే అచ్చు) తీయండి. గీతలు తెగి ఉంటే చేతికాగితం మీద ఎంత జాగ్రత్తపడ్డా లాభం లేదు. తర్వాత ఒక్కో షీటు మాత్రమే ట్రేలో పెట్టాలి. దొంతర పెడితే పోగులు ఒకదానికొకటి పట్టుకుని రెండేసి లాగుతుంది. రోలర్ అందుకోకుండా జారుతుంటే, చేతికాగితం వెనక ఒక 80 జీఎస్‌ఎం కాగితం ఆనించి, మొదటి క్షణంలో వేలితో తేలిగ్గా ముందుకు తోయండి.

బయటికొస్తున్న షీటును లాగొద్దు. కింద పడనివ్వకుండా అరచేతుల మీద అందుకుని, ముద్ర పైకి ఉండేలా పరచండి. పది నిమిషాల్లో పొడిగా కనిపిస్తుంది, కానీ దొంతర పెట్టడానికి 24 గంటలు ఆగాలి. వానాకాలంలో రెండు రోజులు.

పలచటి కాగితానికి

60 జీఎస్‌ఎం కన్నా తక్కువున్న కోజో, లోక్తా లాంటివి ఒంటరిగా వెళ్ళలేవు, రోలర్ నలిపేస్తుంది. 100 జీఎస్‌ఎం బాండ్ కాగితం మీద పరిచి, ముందు అంచు పొడవునా మాస్కింగ్ టేపు వేయండి. టేపును ముందు చొక్కా మీద రెండుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది, తర్వాత కాగితం చిరగకుండా ఊడుతుంది. పక్కలకు కూడా రెండు చిన్న ముక్కలు వేయండి, లేకపోతే లోపల గాలికి లేస్తుంది. కింద ఓహెచ్‌పీ ప్లాస్టిక్ షీటు వాడకండి. పలచటి కాగితం నుంచి దిగిన సిరా ప్లాస్టిక్ మీద నిలిచి, వెనకంతా పులుముతుంది. బాండ్ కాగితమైతే పీల్చుకుంటుంది. ముద్రించిన వెంటనే రెండింటినీ విడదీయాలి.

తప్పు జరిగితే

అక్షరం చుట్టూ వెంట్రుకల్లా సిరా పాకితే సైజింగ్ తక్కువైనట్టు, సెట్టింగులతో కుస్తీ పట్టకుండా ఇంకో పూత వేయండి. అదే షీటులో కొన్ని చోట్లే పాకితే పూత సమంగా పడలేదు. అంచుల దగ్గర మాత్రమే నల్లని రాపిడి చారలు వస్తే హెడ్ తగులుతోంది, వెంటనే ఆపేయండి. అక్షరాల మధ్య తెల్లని సన్న గీతలు కనిపిస్తే నాజిల్‌కు పోగు అడ్డుపడి ఉంటుంది. ఒకటి రెండుసార్లు హెడ్ క్లీనింగ్ చేసి, తగ్గకపోతే కొన్ని గంటలు ఆగి మళ్ళీ చూడండి. ఆపకుండా క్లీనింగ్ చేస్తూపోతే వృథా సిరా ప్యాడ్ నిండిపోతుంది. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర కూడా నీళ్ళే.

ప్రతి 20 షీట్లకు ఒకసారి రోలర్ క్లీనింగ్, కానన్‌లో అయితే బాటమ్ ప్లేట్ క్లీనింగ్ కూడా చేయండి. వెనక ట్రే లోపల టార్చి వేసి చూస్తే రోలర్ పక్కన బూడిదరంగు దూది చేరి ఉంటుంది. దాన్ని ప్రింటర్ ఆపేసి పట్టకారుతో తీయాలి.

శుభలేఖలు 200 దాటితే ఇంక్‌జెట్ వద్దు. స్క్రీన్ ప్రింటింగ్ సిరా గంజి లేని కాగితం మీద కూడా పదునుగా కూర్చుంటుంది, ఖర్చూ తగ్గుతుంది. పేర్లు ఒక్కొక్కటిగా మారే కవర్లకు మాత్రం ఇంక్‌జెట్టే మార్గం.

డై సిరాతో వేసినవాటికి పైన అక్రిలిక్ ఫిక్సెటివ్ స్ప్రే రెండు పలచటి పొరలు వేస్తే తడి వేలిని తట్టుకుంటాయి. ముందు పనికిరాని షీటు మీద కొట్టి, రంగు మారుతుందేమో చూడండి. గంజి పట్టించిన కాగితాన్ని పురుగులు వెతుక్కుంటూ వస్తాయి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. ఫ్రేము కట్టించేటప్పుడు గాజుకూ కాగితానికీ మధ్య మౌంట్ అట్టతో 3 మిల్లీమీటర్ల సందు ఉంచమని పనివాడికి చెప్పండి. వానాకాలపు తేమకు సిరా గాజుకు అంటుకుంటే తర్వాత విడదీయలేరు.